గుడారానికి ఇంటి నంబరెక్కడిది?

"కొండగట్టు కింద గుడారం ఏసుకొని ఉంటం. జాతర అయిపోయినంక ఏములాడకు పోతం, ఆడికెళ్లి ధర్మపురికి. ఓటు రాయించుకుందామని పోతే ఇంటి నంబరు అడుగుతున్నరు. గుడారానికి నంబరు యాడికెళ్లి తేవాలె సారూ? మాది ఏ ఊరని రాయాలె?"

సంచార కుటుంబాల నోట తరచూ వినపడే ప్రశ్న ఇది. బుడగ జంగాలు, పిచ్చగుంట్లవాళ్లు, గంగిరెద్దులవాళ్లు, ఎవరిని కదిలించినా ఇదే గోడు. ఇందులో ఉన్నవి రెండు ప్రశ్నలు. ఇంటి నంబరు సంగతికి చట్టంలో సూటి జవాబే ఉంది. ఏ ఊరని రాయాలన్నది మాత్రం మీరు కూర్చుని ఆలోచించుకోవలసిన విషయం, అసలు కష్టం అక్కడే.

ముందు ఓటు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ రెండే అడుగుతుంది: పద్దెనిమిదేళ్లు నిండాయా, ఆ నియోజకవర్గంలో మామూలుగా నివాసం ఉంటున్నారా. ఇల్లుందా అని అడగదు. పైగా 20వ సెక్షన్ మొదట్లోనే, ఒక చోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని చెబుతుంది. అంటే హైదరాబాదులో ఉంటూ మల్యాలలో రెండంతస్తులు కట్టి తాళం వేసిన పెద్దమనిషికి ఆ మేడ చూపించి ఓటు రాదు. ముత్యంపేట దారిలో రోజూ గుడారంలో పడుకునే మనిషికి వస్తుంది. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. ఊళ్లో జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది మరి.

కాగితాలు లేవంటారా? ఓటరు నమోదుకు వాడే ఫారం-6లోనే దానికి దారి ఉంది. నీడ లేని పౌరుల దగ్గర నివాస రుజువు ఏదీ లేకపోతే, నమోదు అధికారి ఒక మనిషిని పంపి అక్కడికక్కడే విచారణ చేయించాలి. ఎన్నికల సంఘం సూచనలు ఇంకా వివరంగా ఉన్నాయి: బూత్ స్థాయి అధికారి, అందరూ బీఎల్వో అనే ఆయన, రాత్రిపూట వచ్చి ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడా లేదా చూడాలి. ఒక్కసారి వచ్చి కనపడలేదని వెళ్లిపోతే కుదరదు, ఒకటికి రెండుసార్లు రావాలి. అలా చూసుకున్నాక వేరే రుజువు అడగకూడదు.

కాబట్టి ఫారంలో ఇంటి నంబరు గడి దగ్గర ఆగిపోకండి. గ్రామం, మండలం రాసి, గుర్తు పట్టేలా ఆనవాలు రాయండి. ఫలానా బడి వెనక, ఫలానా బోరింగు పక్కన, చింతచెట్టు కింద అని. ఫోన్ నంబరు తప్పక రాయండి. పక్క ఇళ్లవాళ్లకు, కిరాణా కొట్టు ఆయనకు ఒక మాట చెప్పి ఉంచండి. హనుమాన్ జయంతికి మాలధారులు వేలకు వేలు వచ్చే రోజుల్లో దరఖాస్తు పెట్టకండి. ఆ గుంపులో మిమ్మల్ని యాత్రికుల కిందే లెక్కగడతారు. నలుగురూ కొంతకాలం కుదురుగా ఉండే నెలలు చూసుకుని పెట్టండి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే, ఏడాదికొక్కసారి అన్న పాత ఇబ్బంది లేదు. నమోదయ్యాక బతుకుతెరువు కోసం కొన్నాళ్లు ఇంకో ఊరు పోయినా ఫరవాలేదు. తాత్కాలికంగా దూరమైనంత మాత్రాన నివాసం పోదని అదే 20వ సెక్షన్ అంటుంది.

దరఖాస్తు కొట్టేస్తే కారణంతో కూడిన ఉత్తర్వు ఇమ్మని అడగండి. పదిహేను రోజుల్లో జిల్లా కలెక్టరుకు అప్పీలు, అక్కడా కాకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి. ఉన్న పేరు తీసేయాలన్నా ముందు మీకు చెప్పి, మీ మాట వినాల్సిందే. లాల్ బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది.

ఇక రెండో ప్రశ్న: ఏ ఊరు? ఇది మన దగ్గరే కాదు, తిరుగుతూ బతికేవాళ్లు ఎక్కడున్నా ఎదురయ్యేదే.

ఐరోపా దక్షిణాన, గ్రీసు, ఇటలీ, స్పెయిన్ తీరాల్లో తెరచాప పడవలోనే కాపురం పెట్టే జనం ఉన్నారు. పొద్దున ఒక రేవు, వారం తిరిగితే ఇంకొకటి. స్వేచ్ఛంటే ఇదే అనిపిస్తుంది గానీ, వాళ్ల చేతిలో క్యాలెండరు చూస్తే జాలేస్తుంది. షెంజెన్ కూటమిలోని 29 దేశాలన్నీ కలిపి, బయటి దేశం మనిషి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. బ్రిటన్ వాళ్లకు 2021 జనవరి నుంచి ఈ లెక్క తగులుకుంది. బయట రిజిస్టరైన పడవకైతే పన్ను కట్టకుండా 18 నెలలు గడువు. మనిషికొక గడువు, పడవకొక గడువు అన్నమాట. క్రొయేషియా కూడా 2023లో ఆ కూటమిలో చేరిపోయాక, రోజులు అయిపోయినవాళ్లు తుర్కియే, మాంటెనెగ్రో, అల్బేనియా రేవులకు తప్పుకోవాలి. లేదంటే ఏదో ఒక దేశంలో దీర్ఘకాల వీసా తీసుకుని అక్కడి నివాసి కావాలి. స్పెయిన్‌లో ఏడాదికి 183 రోజులు దాటితే పన్ను శాఖ కూడా పలకరిస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రేవు అందం చూసి లంగరు వేయరు. వీసా, పన్ను, వైద్యం, ఉత్తరాలు వచ్చే చిరునామా, ఇవన్నీ చూసి ఒక చోటు ఎంచుకుంటారు, మిగతా చోట్లకు అక్కడి నుంచి తిరుగుతారు.

మన గుడారం మనిషికి ఆ 90 రోజుల బాధ లేదు. దేశమంతా తిరగడానికి, ఎక్కడైనా స్థిరపడడానికి రాజ్యాంగం 19వ అధికరణం హక్కిచ్చింది. కానీ ఒక చోటు ఎంచుకోవాలన్న లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే. మీరు ఎంచుకోకపోతే కాగితాలు తలో ఊరి పేరు మీద తయారవుతాయి: ఆధార్‌లో తాతల ఊరు, రేషన్ కార్డులో అత్తగారి ఊరు, పిల్లల బడి ఇంకో ఊరు. కుల ధ్రువీకరణ అడిగిన రోజు తహసీల్దారు ఆఫీసులో ఈ మూడూ బల్ల మీద పరిచి, "ఇంతకీ మీది ఏ ఊరయ్యా?" అంటారు.

ఉత్తర తెలంగాణలో ఇది ఇంకాస్త చిక్కుగా ఉంది. 2016 అక్టోబరు 11కు ముందు కొండగట్టు, వేములవాడ, ధర్మపురి మూడూ కరీంనగర్ జిల్లాలోనివే. ఎన్ని గుళ్లు తిరిగినా జిల్లా దాటే పని లేదు. ఆ రోజుతో కొండగట్టు, ధర్మపురి జగిత్యాల జిల్లాకు, వేములవాడ రాజన్న సిరిసిల్లకు వెళ్లాయి. తర్వాత 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో సర్కారు ఉద్యోగాల జోన్లూ మారాయి. జగిత్యాల జిల్లా బాసర జోన్. సిరిసిల్ల, కరీంనగర్ రాజన్న జోన్. ఆ కుటుంబాలు తిరిగేది తాతల నాటి దారిలోనే, గీతలే వాళ్ల కాళ్ల కింద జరిగాయి.

దీని దెబ్బ పిల్లల మీద పడుతుంది. తెలంగాణలో జిల్లా, జోన్ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. స్థానికత తేల్చేది ఓటరు కార్డు కాదు, ఆధారూ కాదు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఏడింట నాలుగేళ్లు ఒక చోట ఉంటే పేచీ ఉండదు. రెండేళ్లు ముత్యంపేటలో, రెండేళ్లు వేములవాడలో, ఏడాది కరీంనగర్‌లో, మధ్యలో రెండేళ్లు ఎక్కడా లేకుండా చదివిన పిల్లాడు ఇరవై రెండేళ్లప్పుడు బోనఫైడ్ సర్టిఫికెట్ల కోసం ఎన్ని బడుల చుట్టూ తిరగాలో ఊహించుకోండి. అందుకే నా సలహా ఇది: ఊరు ఎంచుకునేటప్పుడు ముందు బడి చూడండి. పెద్దవాళ్ల ఓటు ఫారం-8తో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఏడో తరగతి దాటాక ఆ ఏళ్లను మార్చలేం. హాస్టలు దొరికే మండలమైతే మరీ మంచిది.

మధ్యలో వచ్చారనో, టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో బడిలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టానికి విరుద్ధం. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యతను ఆ చట్టం స్థానిక సంస్థల మీదే పెట్టింది.

రేషన్ గురించి పెద్దగా దిగులు పడక్కర్లేదు. వేలిముద్ర వేసి రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు. చంద్రాపూర్ వైపు పోతే ఒకే దేశం ఒకే కార్డు కింద కేంద్రం కోటా వస్తుంది, మన రాష్ట్రం కలిపి ఇచ్చేది అక్కడ రాదు. ఆధార్ సంగతికొస్తే, స్థిరమైన ఇల్లు లేనివారికి, సంచార తెగలకు కార్డు ఇవ్వడానికి ప్రత్యేక ఏర్పాట్లు చేయాలని ఆధార్ చట్టం 5వ సెక్షనే చెబుతోంది. సెంటర్‌లో కుర్రాడు "అడ్రస్ ప్రూఫ్ లేకుంటే పొండి" అంటే 1947కు ఫోన్ చేయండి.

రెండు చోట్ల ఓటు మాత్రం పెట్టుకోకండి. పాత ఊళ్లో పేరుంటే ఫారం-6 కాదు, ఫారం-8 నింపాలి. పాతది దాచి కొత్తగా రాయించుకుంటే తప్పుడు ప్రకటన కింద ఏడాది దాకా జైలు పడే నేరం. ఎన్నికలప్పుడు ఎవరో వచ్చి "ఇక్కడ కూడా రాపిస్తం, సంతకం పెట్టు" అంటారు. రేపు కేసైతే ఆయన రాడు.

ఇంకో భ్రమ కూడా ఉంది. ఓటు వచ్చింది కదా, గుడారం వేసిన జాగా మనదే అనుకుంటారు. ఓటు వేరు, పట్టా వేరు. దేవాదాయ భూమి అయితే ఆ శాఖ చట్టం ప్రకారం, సర్కారు భూమి అయితే 1905 నాటి ఆక్రమణల చట్టం ప్రకారం ఖాళీ చేయించవచ్చు. కాకపోతే నోటీసు ఇచ్చి, మీరు చెప్పేది విని చేయించాలి. తెల్లారేసరికి జేసీబీ తెచ్చి పీకేయడం చట్టం కాదు. ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ల విషయంలోనే జీవనోపాధిని జీవించే హక్కులో భాగంగా చూసింది. అలాగని వాళ్లకు ఆ జాగా రాసివ్వలేదు. రెండూ గుర్తుంచుకోండి.

ఊళ్లో దొంగతనమైతే ముందు గుడారాల దగ్గరికే పోలీసులొస్తారన్నది అందరికీ తెలిసిందే. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసిన 1871లో మొదలైన బ్రిటిష్ చట్టం 1952లో పోయింది. దాని నీడ ఇంకా పోలేదు. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసు తీర్పులో సుప్రీంకోర్టు, అలా ముద్ర పోయిన విముక్త జాతులవారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయవద్దని పోలీసులకు చెప్పింది. పట్టుకుపోతే ఎందుకో చెప్పాలి, మీ వాళ్లకు కబురు చేయాలి, ప్రయాణ సమయం పోను ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. స్టేషన్‌లో ఊరికే కూర్చోబెట్టి రెండు రోజులు విచారించే అధికారం ఎవరికీ లేదు.

ఇదే మండలాల నుంచి దుబాయ్, మస్కట్ పోయిన అన్నదమ్ములకూ ఒక మాట. లేబర్ క్యాంపు మంచం మీ సాధారణ నివాసం అయిందని ఇక్కడి జాబితాలో పేరు తీసేసి ఉండొచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టం 20ఏ సెక్షన్ కింద ఫారం-6ఏ ఆన్‌లైన్‌లో నింపి, పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామా మీదే మళ్లీ నమోదు కావచ్చు. ఓటు వేయడానికి మాత్రం అసలు పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి.

వీటిలో ఏ పనికీ వకీలు ఫీజు పెట్టుకునే స్తోమత లేకపోతే జగిత్యాల కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఇస్తారు. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. ఫోన్ 15100. ఓటు ఫిర్యాదుకు 1950, రేషన్‌కు 1967. వెళ్లేటప్పుడు దరఖాస్తు రసీదు జిరాక్స్ ఒకటి దగ్గర ఉంచుకోండి.