సెల్ఫు కొడితే ‘టిక్’ మంటోందా?
ట్రాక్టరు బ్యాటరీ - బాటలోనూ, ఇంటి దగ్గరా

వెలిగండ్ల లాంటి మెట్ట మండలాల్లో వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. పడ్డాక పదును నిలిచేది రెండు మూడు రోజులు. కంది వేద్దామని తెల్లవారుజామున సెల్ఫు కొడితే ట్రాక్టరు ‘టిక్’ మని ఊరుకుందనుకోండి, ఆరిపోయేది ట్రాక్టరు గలాయన చేను ఒక్కటే కాదు. బాడుగకు మాట్లాడుకున్న నలుగురైదుగురు చిన్న రైతుల చేలు కూడా. మెకానిక్కు కోసం కనిగిరి పోయి వచ్చేసరికి పొద్దు తిరుగుతుంది.

సెల్ఫు ఎక్కువసార్లు కొట్టడం వల్లే బ్యాటరీ దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే అది నిజం కాదు. సెల్ఫు మోటారు 200 ఆంపియర్లు లాగినా, లాగేది అయిదు సెకన్లు. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది అర వంతు కూడా కాదు. ఇంజను నాలుగు నిమిషాలు బాగా తిరిగితే ఆ ఖర్చు తిరిగి జమ అవుతుంది. అసలు దొంగ వేరే ఉన్నాడు. ఇంజను ఆపి, రాత్రిపూట ట్రక్కుకు లోడు ఎత్తేటప్పుడు హెడ్‌లైట్లు వేసి ఉంచుతాం. 55 వాట్ల బల్బులు రెండు కలిసి గంటకు తొమ్మిది ఆంపియర్లు తింటాయి. నాలుగు గంటల్లో సగం బ్యాటరీ ఖాళీ. పక్కన పాటల పెట్టె కూడా మోగుతుంటే ఇక చెప్పేదేముంది! పొగాకు బేళ్లు వేసుకుని కనిగిరి, పొదిలి వేలం కేంద్రాలకు పోయి, ముందురాత్రే అక్కడ బండి నిలుపుకునే వారికి ఇది అనుభవమే. లోడు ఎత్తేందుకు టార్చిలైటో, చార్జింగు లైటో పెట్టుకోండి.

రెండో దొంగ ట్రక్కు వైర్లు. ట్రాక్టరు నుంచి వెనక ఎర్రలైట్లకు పోయే వైరు ఇనుప చట్రానికి రాసుకుని పైతోలు ఊడితే, కరెంటు కొద్దికొద్దిగా కారిపోతూ ఉంటుంది. కంటికి కనబడదు. దీన్ని పట్టుకోవడం తేలిక. తాళం తీసి, అన్నీ ఆపి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీ బొడిపెకూ మధ్య చిన్న 12 వోల్టుల బల్బు పెట్టి చూడండి. వెలిగిందంటే ఎక్కడో కారుతోంది. ట్రక్కు ప్లగ్గు పీకేస్తే బల్బు ఆరిపోయిందా, తప్పు ట్రక్కులోనే ఉంది.

బాటలో బ్యాటరీని నింపేది ఆల్టర్నేటరు, పాత బండ్లలో డైనమో. ఫ్యాన్ బెల్టు వదులైతే అది సరిగా తిరగదు. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి, అంతకు మించితే బిగించాలి. ఇంజను మెల్లగా గొణుగుతూ నిలబడితే చార్జింగు అంతంత మాత్రమే, డైనమో బండికైతే దాదాపు సున్నా. వోల్టు మీటరు కొంటే ఊళ్లో పదిమందికీ పనికొస్తుంది. ఇంజను కాస్త వేగంగా తిరుగుతుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. 13 కంటే తగ్గితే నిండటం లేదు, 15 దాటితే నీళ్లు మరిగిపోతున్నాయి. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ పొద్దున్నే 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 అయితే పావు. సగానికి దిగి వారాల తరబడి అలాగే పడి ఉంటే సీసం పలకల మీద గట్టి పొర కట్టి, తర్వాత ఎంత చార్జింగు పెట్టినా ఎక్కదు. వేసవిలో పనుల్లేక బండి చెట్టు కింద పెట్టినప్పుడు ఎక్కువ బ్యాటరీలు పోయేది ఇలాగే.

అందుకని బండి నెలరోజులు కదలదంటే నెగెటివ్ వైరు తీసేయండి. తీసేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. పానా జారి చట్రానికి తగిలినా నిప్పురవ్వలు లేవవు. ఇంటి దగ్గర చార్జరు పెడితే బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు చాలు, అంటే 80 దానికి 8 ఆంపియర్లు. పూర్తిగా దిగినదానికి పది పన్నెండు గంటలు పడుతుంది. తొందరపడి కరెంటు పెంచితే పలకలు వంగిపోతాయి. 20 వాట్ల సోలారు పలక, దానికి తగిన కంట్రోలరు ఉంటే మన ఎండకు రోజుకు అయిదారు ఆంపియర్ అవర్లు వస్తాయి. ఖాళీ బ్యాటరీని నింపడానికి కాదు, నిండినదాన్ని నిండుగా ఉంచడానికి అది చక్కగా సరిపోతుంది. చార్జింగు పెట్టినప్పుడు మండే గ్యాసు వస్తుంది. గాలి ఆడే చోట పెట్టాలి, దగ్గర బీడీ ముట్టించకూడదు. నీళ్లు ఎంత ఉన్నాయో అగ్గిపుల్ల గీసి చూడటం అసలే వద్దు.

ఇక నీళ్ల సంగతి. మన ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఉప్పులు ఎక్కువన్నది కొత్త మాట కాదు. తాగడానికే పనికిరాని నీళ్లు బ్యాటరీలో పోస్తే ఎలా? ప్లాంటు క్యాను నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటరు కాదు. సీసా డిస్టిల్డ్ వాటరు ఖరీదు బ్యాటరీ ధరతో పోలిస్తే ఎంత? పలకలు మునిగి పైన అర అంగుళం ఉండేలా, లేదా డబ్బా మీద గీత దాకా పోయండి. వేసవిలో పదిహేను రోజులకొకసారి చూడాలి. ‘ఊపు రావాలని’ యాసిడ్ కలపమనే వారి మాట వినకండి. ఆవిరయ్యేది నీరే, యాసిడ్ కాదు. బొడిపెల మీద తెల్లటి పొడి చేరితే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, మూతల్లోంచి లోపలికి పోకుండా చూసి, తుడిచి, వ్యాజలైను రాయండి. యాసిడ్ కంట్లో పడితే పావుగంట సేపు మంచినీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి పోవాలి.

బాటలో బండి ఆగిపోయి మరో ట్రాక్టరు సాయం పట్టేటప్పుడు రెండూ 12 వోల్టులవేనా చూసుకోండి. ఎర్ర వైరు మంచి బ్యాటరీ పాజిటివ్ నుంచి దిగిన దాని పాజిటివ్‌కు, నల్ల వైరు మంచి దాని నెగెటివ్ నుంచి ఆగిన బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. స్టార్టయ్యాక ఇదే వరస వెనక్కి తీయాలి. ఇంజను తిరుగుతుండగా సొంత బ్యాటరీ వైరు మాత్రం పీకొద్దు, ఆల్టర్నేటరు కాలిపోతుంది. లోడు ట్రక్కు తగిలించి వాలులో దొర్లించి స్టార్టు చేసే అలవాటు మానుకోండి. వాలులో బండి మన మాట వినదు.

బ్యాటరీ స్ప్రేయరు వాడే రైతులు ఒకటి గుర్తుంచుకుంటే చాలు. మందు కొట్టిన రోజు సాయంత్రమే చార్జింగు పెట్టాలి. పని లేని కాలంలో నెలకొకసారి పెట్టాలి. నీళ్లు పోసే పని దానికి లేదు. ఏ బ్యాటరీ అయినా చచ్చిపోతే పాత ఇనుపసామాన్ల వాడికి పగలగొట్టి ఇవ్వకండి, ఆ సీసం పిల్లలకు విషం. 2022 నిబంధనల ప్రకారం కూడా పాత బ్యాటరీలు కంపెనీల ద్వారా వెనక్కి చేరాలి. కొత్తది కొనే దుకాణంలోనే పాతది ఇస్తే ధరలో తగ్గిస్తారు.