చేపల నీళ్లతో ఆకుకూరలు: యూనిట్ పెట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఎవరి కోసం: పట్టణాల్లోని మెప్మా మహిళా సంఘాల సభ్యులు, ఇంటి దగ్గర కొద్దిపాటి ఖాళీ స్థలం ఉన్నవారు. పూర్తిగా చదివాకే దరఖాస్తు పెట్టండి. మీ సంఘం గ్రూపులో పంపండి, మీటింగులో చదివి వినిపించండి.

1. ఆక్వాపోనిక్స్ అంటే ఏమిటి?

ఒక ట్యాంకులో చేపలు, పక్కనే ఒక తొట్టిలో మొక్కలు, రెండింటి మధ్య తిరిగే నీళ్లు. అంతే. తొట్టిలో మట్టి ఉండదు, కంకర ఉంటుంది. చేపల వ్యర్థమే మొక్కలకు ఎరువు. మొక్కలు ఆ నీటిని శుభ్రం చేస్తే అదే నీరు మళ్లీ చేపల దగ్గరికి వెళ్తుంది. నీళ్లు పారబోయక్కర్లేదు. ఆవిరైపోయినంత, మొక్కలు తాగినంత మాత్రం నింపితే సరిపోతుంది.

2. ఇది ఎలా పని చేస్తుంది?

చేపలు మేత తిని నీళ్లలోకి అమ్మోనియా వదులుతాయి. అమ్మోనియా పెరిగితే చేపలు చచ్చిపోతాయి. కంకరకు అంటుకుని పెరిగే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మొక్కలకు బలం.

పాలు పెరుగు కావాలంటే తోడు వేసి ఆగాలి కదా, ఇక్కడ కూడా అంతే. ఈ బ్యాక్టీరియా తోడుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చాలామంది ఇక్కడే నష్టపోతారు. ట్యాంకు నింపిన మర్నాడే చేపపిల్లలన్నీ వదులుతారు, వారంలో సగం చస్తాయి. మొదట నాలుగైదు చేపలే వేయండి. మేత చిటికెడు చొప్పున ఇవ్వండి. చుక్కల కిట్‌తో పరీక్ష చేసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తగ్గాకే మిగతా పిల్లలను వదలండి.

3. ఇంటి యూనిట్‌కు ఏమేం కావాలి?

• 1,000 లీటర్ల ట్యాంకు. కొత్తదైనా, శుభ్రమైన పాతదైనా సరే. రసాయనాలు పోసిన డ్రమ్ములు మాత్రం వద్దు.
• 2 చదరపు మీటర్ల తొట్టి, అడుగు లోతు, నిండా నల్ల కంకర. కంకర మీద నిమ్మరసం వేసి చూడండి. నురగ వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టు, అది పనికిరాదు.
• చిన్న నీళ్ల మోటరు, గాలి పంపు. కరెంటు పోయినా గాలి పంపు నడిచేలా బ్యాటరీ లేదా ఇన్వర్టర్.
• ఎండాకాలానికి షేడ్‌నెట్. ట్యాంకు మీద గట్టి మూత లేదా వల, పిల్లలు పడకుండా ఇది తప్పనిసరి.
• పరీక్ష కిట్. పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉండాలి.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది బ్యాక్టీరియాను చంపుతుంది, చేపలకూ హాని. నీళ్లను మూత లేకుండా ఒకటి రెండు రోజులు నిలవ ఉంచి వాడండి.

బరువు సంగతి: 1,000 లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు. అడుగు లోతు కంకర చదరపు మీటరుకు సుమారు అర టన్ను తూగుతుంది. అద్దె ఇంటి స్లాబు మీద, పాత డాబా మీద పెట్టకండి. నేల మీద పెట్టడమే మంచిది. డాబా మీదే పెట్టాలంటే ఇంజనీరుకు చూపించి, ఆయన సరే అన్నాకే పెట్టండి.

4. ఏ చేపలు, ఏ మొక్కలు?

పంగాసియస్ ట్యాంకుల్లో బాగా పెరుగుతుంది, కానీ చలికాలంలో మేత తగ్గిస్తుంది. కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది, మార్కెట్లో ధర ఎక్కువ. అయితే పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి, కాబట్టి సైజుల వారీగా వేరు చేస్తుండాలి. మేత ఖర్చు కూడా ఎక్కువే. తిలాపియా పెంచాలంటే ముందు మత్స్యశాఖ అనుమతి తీసుకోవాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, అంటే కొందరు థాయ్ మాగూర్ అని అమ్మేది, మన దేశంలో నిషేధం. ఎంత చౌకగా ఇస్తామన్నా కొనకండి.

మొక్కల్లో తోటకూర, పాలకూర, బచ్చలి, పుదీనా, కొత్తిమీరతో మొదలుపెట్టండి. టమాటా, మిరప, వంకాయలకు ఎక్కువ పోషకం కావాలి. అవి రెండో పంటకు చూద్దాం.

5. ఎన్ని చేపలకు ఎంత తొట్టి?

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న యూనిట్ల మీద ఒక పుస్తకం ప్రచురించింది. అందులో చెప్పిన కొలత ఇది: ఆకుకూరల తొట్టి ప్రతి చదరపు మీటరుకు చేపలకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత పడాలి. కొత్తవాళ్లు 1,000 లీటర్లకు 10 నుంచి 20 కిలోల చేప దాటకూడదు.

35 పిల్లలు వేస్తే 30 బతికి, ఒక్కోటి అరకిలో అయితే 15 కిలోలు. పంట మొత్తానికి సగటున రోజుకు 100 గ్రాముల మేత. అంటే 2 చదరపు మీటర్ల తొట్టికి సరిపోతుంది. అంతకంటే పెద్ద తొట్టి కడితే ఆకులు పాలిపోతాయి.

6. అసలు లెక్క (8 నెలల పంట)

ఈ ధరలు ఉదాహరణకే. మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ లెక్క చూడండి.

ఖర్చు:
• చేపపిల్లలు 35 × రూ.10 = రూ.350
• మేత 23 కిలోలు × రూ.60 = రూ.1,380
• కరెంటు: మోటరు, గాలి పంపు కలిపి 60 వాట్లు రాత్రింబగళ్లు నడిస్తే నెలకు 43 యూనిట్లు. యూనిట్ రూ.5 చొప్పున 8 నెలలకు సుమారు రూ.1,720
• విత్తనాలు రూ.200
మొత్తం: రూ.3,650

రాబడి:
• చేపలు 15 కిలోలు × రూ.200 = రూ.3,000
• ఆకుకూరలు నెలకు 4 కిలోలు, 7 నెలలకు 28 కిలోలు × రూ.60 = రూ.1,680
మొత్తం: రూ.4,680

మిగిలేది: 8 నెలలకు రూ.1,030. అంటే నెలకు రూ.130 కూడా కాదు.

చేపల రాబడి ఒక్కటే చూస్తే నష్టం. లాభంలోకి తెచ్చేది ఆకుకూరలే. తినేసేది కరెంటు. నీళ్ల మోటరును టైమర్‌తో గంటకు 15 నిమిషాలే నడిపి, గాలి పంపును మాత్రం ఎప్పుడూ ఆపకుండా ఉంచితే కరెంటు ఖర్చు సగానికి తగ్గుతుంది. అప్పుడు మిగులు రూ.1,900 దాకా వస్తుంది.

దీన్నిబట్టి అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే. ఇంటి యూనిట్ జీతం ఇవ్వదు, కూర ఇస్తుంది. 8 నెలల్లో 15 కిలోల చేప, 28 కిలోల మందులేని ఆకుకూర ఇంట్లోకి వస్తాయి. పిల్లలకు, బాలింతలకు అది చిన్న విషయం కాదు. కానీ దీన్ని నమ్ముకుని ఉన్న పని మానెయ్యకండి, వడ్డీకి అప్పు తేకండి.

7. మరి ఉపాధి ఎక్కడుంది?

పది ట్యాంకులు ఒకేచోట పెడితే ఒకే గాలి పంపు అన్నింటికీ సరిపోతుంది, కాబట్టి కిలో చేపకు పడే కరెంటు ఖర్చు తగ్గుతుంది. అయినా పైధరలకే అమ్మితే పదిమందికి జీతాలు రావు, ఒక్కరికి పార్ట్‌టైం పని దొరుకుతుంది. ఆదాయం పెరగాలంటే అమ్మే పద్ధతి మారాలి:

• చేపను దళారికి ఇవ్వకుండా బతికుండగానే బస్తీలో అమ్మడం, శుభ్రం చేసి ముక్కలు కొట్టి ఇవ్వడం.
• ఎండాకాలంలో ధర పెరిగే కొత్తిమీర, పుదీనా వేయడం. హోటళ్లతో, హాస్టళ్లతో ముందే మాట్లాడుకోవడం.
• ఆకుకూరల నారు, మిద్దె తోటల వాళ్లకు మొక్కలు అమ్మడం.
• చేప పచ్చడి చేయడం. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద 35 శాతం సబ్సిడీ, ఆహార తయారీలో ఉన్న సంఘ సభ్యురాలికి రూ.40,000 వరకు ప్రారంభ పెట్టుబడి ఉన్నాయి. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మెప్మా ఆఫీసులో అడగండి.

8. సబ్సిడీ ఎంత?

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైంది. ఇందులో ఇంటి పెరట్లో పెట్టే మినీ ఆర్‌ఏఎస్, అంటే నీళ్లు శుద్ధి చేసి తిప్పి వాడే చిన్న చేపల యూనిట్‌కు రూ.50,000 యూనిట్ ధర పెట్టారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం సబ్సిడీ. అంటే మహిళకు రూ.30,000 వరకు వస్తుంది, రూ.20,000 మీరు పెట్టుకోవాలి. ఖర్చు రూ.50,000 దాటితే ఆ పైది కూడా మీదే.

పై లెక్కలో టైమర్‌తో వచ్చే రూ.1,900 మిగులుతో ఆ రూ.20,000 తిరిగి రావాలంటే పది పంటలు, అంటే దాదాపు ఏడేళ్లు పడుతుంది. లోను మీద వడ్డీ దీనికి అదనం. అందుకే ముందు తక్కువ ఖర్చుతో, ఉన్న డ్రమ్ములతో ఒక పంట వేసి నేర్చుకోండి. చెయ్యి తిరిగాక సంఘంగా దరఖాస్తు పెట్టండి.

9. దరఖాస్తు ఎలా?

• ముందు మీ ఆర్పీతో, సమాఖ్యలో మాట్లాడి సంఘం తీర్మానం రాయించండి.
• జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లి ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఈ ఏడాది మినీ ఆర్‌ఏఎస్‌కు నిధులున్నాయా? ఆకుకూరల తొట్టి ఖర్చు యూనిట్‌లో కలుస్తుందా? స్థలం లీజుదైతే ఎన్నేళ్ల లీజు చూపాలి?
• తీసుకెళ్లాల్సినవి: ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు, ఎస్సీ, ఎస్టీలైతే కులం సర్టిఫికెట్, స్థలం కాగితం, ఖర్చుల అంచనా.
• కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ దరఖాస్తులు చూస్తుంది. మంజూరు కాగితం చేతికి రాకముందే సామాన్లు కొనకండి. కొన్న ప్రతి వస్తువుకు బిల్లు తీసుకోండి.

10. మోసపోకండి

"మొత్తం మేమే పెట్టిస్తాం, పంటంతా మేమే కొంటాం, నెలకు ఇంత గ్యారంటీ" అని ఎవరైనా అంటే, కొనే ధర రాతలో ఇమ్మనండి. ఇప్పటికే పెట్టించిన యూనిట్ చూపించమనండి, ఆ ఇంటామెతో విడిగా మాట్లాడండి. సబ్సిడీ ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

11. తరచూ అడిగే ప్రశ్నలు

ఆకులకు పురుగు పడితే మందు కొట్టొచ్చా?
వద్దు. ఆ మందు నీళ్లలో కలిసి చేపలను చంపుతుంది. వేపనూనె కూడా నీళ్లలో పడకూడదు. పురుగులను చేత్తో ఏరేయండి, దోమతెర కట్టండి.

లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి, ఎందుకు?
చాలాసార్లు ఇనుము తక్కువై అలా అవుతుంది. చేపల మేతలో మొక్కకు కావాల్సినంత ఇనుము ఉండదు. చీలేటెడ్ ఐరన్ కొద్దిగా కలపాలి.

చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి?
గాలి చాలడం లేదు. మేత ఆపండి, గాలి పంపు చూడండి, చెంబుతో నీళ్లు ఎత్తి పోయండి. కొర్రమీను మామూలుగానే పైకి వస్తుంది, దానికి కంగారు పడొద్దు.

ఊరెళ్తే ఎలా?
ఒకటి రెండు రోజులు మేత లేకపోయినా చేపలకు ఏమీ కాదు. గాలి ఆగితే మాత్రం గంటల్లో పోతాయి. పక్కింటామెకు పంపు, బ్యాటరీ చూపించి వెళ్లండి.

12. సంతకం పెట్టే ముందు సరిచూసుకోండి

☐ స్థలం నేల మీద ఉందా, లేక డాబాను ఇంజనీరు చూశారా?
☐ కరెంటు పోతే గాలి పంపు నడుస్తుందా?
☐ మీ ఊరి ధరలతో లెక్క వేశారా?
☐ చేపలు, కూరలు ఎవరు కొంటారో తెలుసా?
☐ మీ వాటా డబ్బు అప్పు లేకుండా ఉందా?

అయిదింటికీ "అవును" అని వస్తేనే దరఖాస్తు పెట్టండి. ఒక్కదానికి "లేదు" అని వచ్చినా ఈ పంటకు ఆగండి. ముందు ఒక డ్రమ్ముతో నేర్చుకోండి.