పండుగ సంతోషం ఇంటిల్లిపాదికీ

రమజాను చివరి రోజు సాయంత్రం మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో పిల్లలు నెలవంక కోసం మిద్దెలెక్కుతారు. ఇంట్లో తల్లి సేమ్యాలు, పాలు, ఖర్జూరాలు సర్దుకుంటుంది. అయితే పలకల పని మీదో, కూలి మీదో బతికే ఇంట్లో తండ్రి మనసులో వేరే లెక్క నడుస్తూ ఉంటుంది. పిల్లలకు కొత్తబట్టలెలా? అప్పు ఎక్కడ పుడుతుంది? నెలంతా ఉపవాసాలు పాటించిన ఆ సోదరుడు పండుగ నాడు తలదించుకోవాలా?

పండుగ అల్లాహ్ వరం

దైవప్రవక్త (స) మదీనా వచ్చేనాటికి అక్కడి ప్రజలు ఏడాదికి రెండు రోజులు ఆటపాటలతో గడిపేవారు. వాటికి బదులుగా అల్లాహ్ అంతకన్నా మేలైన ఈదుల్ ఫిత్ర్, ఈదుల్ అజ్‌హాలను ప్రసాదించాడని ఆయన (స) తెలిపారు (అబూ దావూద్).

ఒక పండుగ నాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) మందలించారు. ప్రతి జాతికీ పండుగ ఉంటుందనీ, ఇది మన పండుగనీ, వారినలా వదిలేయమనీ దైవప్రవక్త (స) చెప్పారు. అబిసీనియా వారు బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే, ఆయిషా (రజి) తనివితీరా చూసేవరకు ఆయన ఓపికగా నిలబడ్డారు (బుఖారీ, ముస్లిం). ధర్మం గీసిన హద్దుల్లో ఆలుబిడ్డలను సంతోషపెట్టడం కూడా పుణ్యకార్యమేనని దీనివల్ల అర్థమవుతోంది.

కొత్తబట్టలు షరతు కాదు

స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి దుస్తులు ధరించడం సహాబాల ఆచరణ. ఉతికిన బట్టలతోనూ పండుగ పరిపూర్ణమే. వడ్డీ అప్పుతో తెచ్చిన బట్టలు ఒక్కరోజు మెరుస్తాయి; ఆ పాపం, ఆ భారం మాత్రం వెంటాడతాయి.

ఫిత్రా ఎప్పుడివ్వాలి?

ఫిత్రా ఉపవాసాల్లో దొర్లిన లోపాలను కడిగివేస్తుంది, పేదలకు ఆహారమవుతుంది. ఇంట్లోని పసిబిడ్డ తరఫున కూడా చెల్లించాలి. పండుగ నమాజుకు ముందే ఇవ్వాలి. ఆ తర్వాత ఇస్తే అది మామూలు దానమే. సహాబాలు ఒకటి రెండు రోజుల ముందే ఇచ్చేవారు. ఇందులో గొప్ప వివేకముంది. ఈద్‌గాహ్‌కు వెళుతూ దారిలో చేతిలో పెడితే ఆ తల్లి సరుకులెప్పుడు తెస్తుంది? ఎప్పుడు వండుతుంది? ముందురోజే అందితే ఆమె పిల్లలు కూడా మన పిల్లలతోపాటే సేమ్యా తింటారు. అది కూడా నలుగురిలో చేయి చాపించకుండా, గుట్టుగా ఇంటికి చేర్చాలి.

సోదర సోదరీమణులారా! ఈసారి ఫిత్రాను మీ పిల్లల చేత మోయించండి. పంచుకోవడమే పండుగ అని వారు నేర్చుకుంటారు. ఇంటి స్త్రీలను పొద్దంతా పొయ్యి దగ్గరే ఉంచకండి. ఇంటి పనుల్లో సాయపడటం దైవప్రవక్త (స) సున్నత్. మనమూ ఒక చేయి వేద్దాం.

అల్లాహ్ మన ఉపవాసాలను స్వీకరించి, ప్రతి ఇంటా పండుగ సంతోషం నింపుగాక! ఆమీన్.