ఊరికి చెప్పాలనుంది, ఇంట్లో వద్దంటున్నారు

అక్కా,

మాది మైపాడు దగ్గర పట్టపుపాలెం. గంప ఎత్తుకుని ఊళ్లమ్మట చేపలు అమ్ముతా ఉంటాను. రొమ్ము క్యాన్సరని తేలితే మద్రాసులో ఆపరేషన్, కీమో, రేడియేషన్ కరెంటు అన్నీ అయినాయి. ఊళ్లో మాత్రం గర్భసంచి ఆపరేషనన్నాం. జుట్టు ఊడితే తిరుమలలో గుండు చేయించుకున్నానని చెప్పుకున్నాం.

మొన్న మా వీధిలో ఒకామె తనకీ గడ్డ ఉందనీ, నొప్పి లేదు గాబట్టి ఎవరికీ చెప్పలేదనీ నాతో అంది. అప్పటినుంచి నిద్ర లేదు. ఆడోళ్లను కూర్చోబెట్టి నా సంగతి చెప్పాలనుంది. నేను బతికింది ఇందుకేనేమో అనిపిస్తా ఉంది. మా ఆయన ఒప్పుకోడు. "పిల్లకి సంబంధాలు చూస్తా ఉండాం, తల్లికి క్యాన్సరంటే ఎవరొస్తారు?" అంటాడు. ఏం చెయ్యను?

— పేరు వద్దు

చెల్లెమ్మా,

ఊరి సమావేశం ఆగుతుంది, ఆమె గడ్డ ఆగదు. రేపే తోడు వెళ్లి నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించు. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. అయితే రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు, అందుకే నొప్పి లేదని ఊరుకోకూడదు. నీ సంగతి ఊరికి తెలియకపోయినా ఆమె నీ దగ్గరికే వచ్చింది. నువ్వు చేయాలనుకున్న పని అప్పుడే మొదలైంది.

మీ ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. ఇలాంటి మాట మీద వెనక్కి పోయిన సంబంధాలు ఉన్నాయి. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10. నీది అలాంటిదా అని డాక్టరును అడుగు. అది నీ కూతురి ఆరోగ్యం కోసం తెలియాల్సిన విషయం. అసలు ఆ అమ్మాయి ఏమంటోంది? నీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు. దాచి పెళ్లి చేస్తే ఆ రహస్యాన్ని అత్తారింట్లో మోయాల్సింది ఆమే. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. ఆమె సరేనన్నాకే ఊరికి చెప్పు.

మన తెలుగు నటి గౌతమికి 35 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కోలుకున్నాక లైఫ్ అగైన్ ఫౌండేషన్ పెట్టింది. అయినా మీ పాలెంలో నటి మాట కంటే రోజూ ఎదురయ్యే నీ మాటే ఎక్కువ నిలుస్తుంది. మన జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్లు సారా మీద తిరగబడింది కూడా అక్షరాలు నేర్చుకోను ఒకచోట కూర్చుని, ఎవరి ఇంటి బాధ వాళ్లు బయటపెట్టుకున్నాకే.

మందుల సంగతి నువ్వు చెప్పొద్దు. "నాకు తగ్గింది, నీకూ తగ్గుతుంది" అని మాట ఇవ్వొద్దు. ఏఎన్ఎంను పక్కన కూర్చోబెట్టుకో. 30 దాటిన ఆడవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వం తరఫున ఉన్నాయని ఆమె చెబుతుంది. ఆరోగ్యశ్రీకి (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, కీమో అయిన వారం ఏ కూడు లోపలికి పోయింది, అద్దంలో చూసుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది, ఇవి నువ్వు చెప్పు. నీ చెకప్ రోజు మాత్రం ఎవరి కోసమూ మానకు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గనక మగవాళ్లూ ఊళ్లోనే ఉంటారు. సమావేశం అప్పుడు పెట్టి వాళ్లనీ పిలువు. ఆసుపత్రికి డబ్బు తియ్యాల్సింది చాలా ఇళ్లలో వాళ్లే.