పాటలు ఒక కంప్యూటర్‌లో, సీడీ రైటర్ మరో కంప్యూటర్‌లో

వార్షికోత్సవంలో మన పిల్లలు పాడే పాటలు ఇప్పుడు సెల్‌ఫోన్లలోనో, ల్యాప్‌టాప్‌లలోనో రికార్డవుతున్నాయి. పదో తరగతి పరీక్షలు రాసి ఎవరి ఊరికి వారు వెళ్లిపోయాక ఆ గొంతులు మళ్లీ వినాలంటే ఆ ఫైళ్లే దిక్కు. ఇంట్లో పాత సీడీ ప్లేయర్ తప్ప మరొకటి వాడని అమ్మానాన్నలకు ఆ పాటలు వినిపించాలంటే సీడీ చేసి ఇవ్వాలి. చిక్కంతా ఇక్కడే. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి సీడీ డ్రైవ్ ఉండదు. రైటర్ ఉన్నదేమో పాత కంప్యూటర్‌కు.

రెండూ ఒకే రౌటర్‌కు కలిసి ఉంటే ల్యాప్‌టాప్‌లోని పాటల ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్‌కు వెళ్లి, చదవడానికి మాత్రమే అనుమతి ఇస్తే చాలు. పాత కంప్యూటర్‌లోని నెట్‌వర్క్‌లో ఆ ఫోల్డర్ కనిపిస్తుంది. చాలామంది అక్కడి ఫైళ్లనే నేరుగా బర్నింగ్ ప్రోగ్రామ్‌లోకి లాగి బర్న్ నొక్కేస్తారు. అలా చేయవద్దు. ముందు పాటలన్నీ పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. ఆ తర్వాతే బర్న్ చేయాలి.

కారణం చెబుతాం. ఆడియో సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, కుడి ఎడమలకు విడివిడిగా ఉంటాయి. అంటే సెకనుకు 176.4 కిలోబైట్లు, నిమిషానికి 10 మెగాబైట్లకు పైగా. 16 ఎక్స్ వేగంతో రాస్తే రైటర్ సెకనుకు సుమారు 2.8 మెగాబైట్లు మింగుతుంది. దాని లోపల బఫర్ అనే చిన్న నిల్వ ఉంటుంది. అది 2 మెగాబైట్లయితే, పాటలు రావడం ఆగిన ఒక్క సెకనులోపే ఖాళీ. డిస్క్ తిరుగుతూనే ఉంటుంది, లేజర్‌కు రాయడానికి ఏమీ ఉండదు, సీడీ పాడవుతుంది. 2000లో సాన్యో సంస్థ బర్న్-ప్రూఫ్ పద్ధతి తెచ్చాక లేజర్ ఆగిన చోటు గుర్తుంచుకుని మళ్లీ అక్కడి నుంచే రాయగలిగింది. అయినా ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకున్నా, వైఫై తెగినా, కరెంటు పోయి రౌటర్ ఆగినా ప్రోగ్రామ్‌కు ఫైలే అందదు. అప్పుడు ఏ పద్ధతీ కాపాడదు. కాపీ చేసేటప్పుడు తెగితే మళ్లీ కాపీ చేసుకుంటాం, పోయేదేమీ లేదు. బర్న్ చేసేటప్పుడు తెగితే ఒక సీడీ వృథా.

పాత కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉంటే కొత్త విండోస్ ఫోల్డర్ సాధారణంగా దానికి అందదు. ఎక్స్‌పీకి తెలిసిన ఎస్‌ఎంబీ 1 పద్ధతిని 2017 నుంచి విండోస్ 10లో ముందుగా అమర్చి ఇవ్వడం మానేశారు. ఆ ఏడాదే వన్నాక్రై వైరస్ ఆ దారినే పాకింది. కాబట్టి పట్టుబట్టి దాన్ని తెరవకండి, పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకోండి. ఎక్స్‌పీకి 2014లోనే భద్రతా మద్దతు ఆగింది గనుక దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడమే మేలు.

సెల్‌ఫోన్ రికార్డింగులు తరచు ఎం4ఏ రూపంలో ఉంటాయి. పాత ప్రోగ్రామ్‌లు వాటిని గుర్తించకపోవచ్చు. ల్యాప్‌టాప్‌లోనే వీఎల్‌సీతో వేవ్ రూపంలోకి మార్చి పంపితే గొడవ ఉండదు.

ఇక బర్న్ చేసేటప్పుడు ఆడియో సీడీయా, డేటా సీడీయా అన్నది చూసుకోవాలి. ఆడియో సీడీలో 80 నిమిషాలే పడతాయి, కానీ ఏ ప్లేయర్‌లోనైనా పాడే అవకాశం ఎక్కువ. 128 కేబీపీఎస్ ఎంపీ3లైతే డేటా సీడీలో 12 గంటల పాటలు పడతాయి. అయితే ఎంపీ3 చదవగల ప్లేయరే కావాలి. ఇంటివారి దగ్గర ఏముందో తెలియకపోతే ఆడియో సీడీయే చేయండి. రీరైటబుల్ సీడీ వద్దు, దాని ప్రతిఫలనం తక్కువ కావడంతో పాత ప్లేయర్లు చాలాసార్లు చదవలేవు. వేగాన్ని 8 లేదా 16 ఎక్స్ దగ్గర ఉంచండి.

సీడీ కింది వైపు గీతలు పడకుండా అందరూ జాగ్రత్తపడతారు గానీ అసలు ప్రమాదం పైవైపే. పేరు రాసే చోట లక్క పూత చాలా పలుచన, దాని కిందే అద్దంలాంటి పొర. బాల్‌పెన్ గట్టిగా నొక్కితే ఆ పొరే పోతుంది. మెత్తని మార్కర్‌తో సంవత్సరం, పాడినవారి పేర్లు రాయండి. సీడీని వేరే ప్లేయర్‌లో చివరి పాట దాకా విని చూసి ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లను మాత్రం చెరపకండి. సీడీలోని రంగు పొర ఎండకు, వేడికి కొన్నేళ్లకే చెడిపోవచ్చు.