గాజు తప్పా, గాజులోని ఇనుము తప్పా?

ఆప్టికల్ ఫైబర్ గురించి పరీక్షలో అడిగితే మనలో చాలామంది సంపూర్ణాంతర పరావర్తనం బొమ్మ గీసి, సందిగ్ధ కోణం గుర్తించి ఊరుకుంటాం. బొమ్మ సరైనదే. కాని వంగిన నీటిధార వెంట కాంతిని నడిపించి కొలడాన్ జెనీవాలో చూపించింది 1841లో. గాజుదారంలో టెలిఫోను మాటలు పోయింది 1977లో. ఈ నూట ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆలస్యం ఎందుకని? నా మటుకు అసలు పాఠం అక్కడే ఉందనిపిస్తుంది.

కిటికీ అద్దాన్ని ఎదురుగా చూస్తే రంగేమీ ఉండదు. అంచువైపు నుంచి చూడండి, ఆకుపచ్చగా కనిపిస్తుంది. అది గాజులో మిగిలిపోయిన ఇనుము చేసే పని. నాలుగు మిల్లీమీటర్ల మందంలో దాని సంగతి తెలియదు. దూరం పెరిగితే కాంతినంతా అదే మింగేస్తుంది.

1960లో మైమన్ రూబీ లేసర్‌ను వెలిగించాడు. కాంతి మీద కబుర్లు పంపవచ్చునన్న ఆశ పుట్టింది. కాని ఆనాటి గాజులో నష్టం కిలోమీటరుకు 1000 డెసిబెల్స్ దాకా ఉండేది. డెసిబెల్ అంటే బెదరనక్కరలేదు. ప్రతి 10 డెసిబెల్స్‌కూ కాంతి పదోవంతుకు పడిపోతుంది, అంతే. కాబట్టి 20 డెసిబెల్స్ పోతే మిగిలేది నూటికి ఒక వంతు. ఆ గాజులో 20 మీటర్లకే ఈ గతి! డాక్టరు కడుపు లోపల చూడడానికి చాలునేమో గాని, ఊరికీ ఊరికీ మధ్య మాట్లాడుకోవడానికి ఏం చాలుతుంది?

1966లో ఇంగ్లండులోని హార్లోలో చార్లెస్ కావో, హాక్‌హామ్ కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. తప్పు గాజుది కాదు, అందులోని లోహ మలినాలది. వాటిని తీసేస్తే నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు దించవచ్చు అన్నారు. (కావోకు నోబెల్ బహుమతి 2009లో గాని రాలేదు.) 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీవారు మారర్, కెక్, షుల్ట్జ్ 17 డెసిబెల్స్ సాధించారు. వాళ్ళు ఇసుకను కరిగించి శుభ్రం చేస్తూ కూర్చోలేదు. సిలికాన్ టెట్రాక్లోరైడ్‌ను ఆవిరి చేసి, మంటలో సిలికాగా మార్చారు. సిలికాన్ టెట్రాక్లోరైడ్ సుమారు 58 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. ఇనుము క్లోరైడుకు ఆ వేడి చాలదు, అడుగునే ఉండిపోతుంది. మన కెమిస్ట్రీ లాబులో చేసే స్వేదనం కిటుకే ఇది!

ఇనుము పోయాక మిగిలింది గాజు సొంత దోషం, అంటే రేలీ పరిక్షేపణం. ఆకాశాన్ని నీలంగా చేసేది కూడా ఇదే. తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి ఇది విలోమానుపాతం. 0.85 మైక్రాన్ల నుంచి 1.55కు పోతే పరిక్షేపణం పదకొండో వంతుకు తగ్గుతుంది. జపానువారు 1979లో అక్కడే 0.2 డెసిబెల్స్ సాధించారు. ఇందాకటి నూరో వంతు ఇప్పుడు 100 కిలోమీటర్ల తర్వాత గాని రాదు.

ఇంకా పొడుగు తరంగాలకు పోరాదా అని వైవాలో అడగవచ్చు. లాభం లేదు. అక్కడ సిలికాయే పరారుణ కాంతిని తాగేస్తుంది.