ఈ నెల పాఠం: సెంటున్నర స్థలంలో ఆకుకూరల పెరడు

మీ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? కాణిపాకం అనే పేరుకు మాగాణిలోకి నీరు పారే చోటు అని పెద్దలు అర్థం చెబుతారు. పేరులో నీళ్లున్నా బాహుదా ఏటిలో ఏడాది పొడుగునా నీళ్లుండవు. చాలా ఇళ్లకు బోరే దిక్కు. అందుకే ఈ పాఠాన్ని పారబోసే నీళ్లతో మొదలుపెడుతున్నాం.

ముందు రక్తం సంగతి చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లలలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే వీధిలో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే వారిలో ఒకరికి రక్తం తక్కువ అనుకోవచ్చు. రోజూ ఆకుకూర కొనాలంటే డబ్బు కావాలి. పెరట్లో ఉంటే చెయ్యి చాపితే చాలు.

"మాకు పెరడెక్కడిది?" అంటారేమో. 2020 డిసెంబరులో మొదలైన ప్రభుత్వ ఇళ్ల పథకంలో పల్లెల్లో కుటుంబానికి సెంటున్నర స్థలం ఇచ్చారు. అది సుమారు 650 చదరపు అడుగులు. ఇల్లు, నడిచే దారి పోగా మిగిలేది కొంచెం నేలే. ఆ కొంచెం నేలకూ సిమెంటు పూయించకండి. ఇల్లు కట్టేటప్పుడే వంటింటి నీళ్లు బయటకు వచ్చే వైపు మూడు బారల నేల వదలమని మేస్త్రీకి చెప్పండి. కట్టాక పగలగొట్టడం ఎవరి వల్లా కాదు.

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లను ఆకుకూరల మడికి పోయండి. సబ్బు నీళ్లను మాత్రం అరటి చెట్టు మొదట్లోకి మళ్లించండి. అక్కడ గుంత తీసి రాళ్లు నింపితే నీళ్లు నిలవవు, దోమలు పెరగవు. మరుగుదొడ్డి గుంతకు దూరంగా మడి కట్టండి. పచ్చి పేడ వేయకండి, బాగా మాగిన ఎరువే వేయండి. మట్టిలో దిగేటప్పుడు చెప్పులు వేసుకోండి. కొంకిపురుగులు పాదాల చర్మం గుండానే ఒంట్లోకి దూరి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి.

ఏం వేయాలి? తోటకూర, మెంతికూర చల్లితే నెల లోపలే కోతకు వస్తాయి. పది రోజులకొకసారి కొంచెం కొంచెం చల్లుతుంటే కూర తెగిపోదు. బచ్చలి తీగ కాడ గుచ్చినా బతుకుతుంది, గోడ మీదికి పాకించండి. గోడకు కాస్త ఎడంగా ఒక మునగ నాటండి. దాని కొమ్మ పెళుసు, పిల్లల్ని ఎక్కనివ్వకండి. ఎత్తు పెరగనివ్వకుండా తల తుంచుతుంటే ఆకు చేతికందుతుంది. మునగాకు గురించి ఇంత చెబుతున్నామంటే మిమ్మల్ని మునగచెట్టు ఎక్కించడానికి కాదు. విటమిన్ 'ఎ' తయారీకి కావలసిన పదార్థం అందులో మెండుగా ఉంది.

పండించినంత మాత్రాన సరిపోదు, పోషకాలు ఎక్కువగా పోయేది పొయ్యి దగ్గరే. ఆకును ముందు కడిగి, తర్వాత తరగండి. మూతపెట్టి కొద్ది నీళ్లతో ఉడికించండి, సోడా ఉప్పు వేయకండి. మన వైపు పుల్లగూరకు ఆకులన్నీ కలిపి ఉడికించి పప్పుగుత్తితో ఎనుపుతారు కదా, మంచి పద్ధతి. కానీ కొందరు ఉడికిన నీళ్లు వంచి పారబోస్తారు. రక్తం పట్టడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లం ఆ నీళ్లతోనే పోతుంది. ఆ నీళ్లతోనే ఎనపండి. తాలింపులో కొంచెం నూనె ఉంటేనే విటమిన్ 'ఎ' ఒంటికి పడుతుంది. దించాక నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము బాగా పడుతుంది. సంగటి తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే ఆ ఇనుము పట్టదు, గంటైనా ఆగండి.

ఇంకొక మాట. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తినే అమ్మకే చాలా ఇళ్లలో రక్తం తక్కువ. కూర దించగానే ఆమె వాటా పక్కన తీసి పెట్టండి. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోపాటు మెత్తగా ఎనిపిన ఆకుకూర పప్పు, కారం లేకుండా, అలవాటు చేయండి.

డాక్టరు ఐరన్ మాత్రలు ఇచ్చి ఉంటే, ఆకుకూర తింటున్నామని వాటిని ఆపకండి. మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు, మాత్రల వల్ల అలా అవుతుంది. గర్భిణికి హీమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే, మిగిలిన స్త్రీలకు 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. నాలుగు అడుగులకే ఆయాసం, గుండెదడ, కాళ్ల వాపు ఉంటే పెరట్లో కూర ఎదిగేదాకా ఆగకుండా వెంటనే వచ్చి రక్త పరీక్ష చేయించుకోండి.